హెచ్‌బీ ఎనిమిదిన్నర



హైదరాబాద్‌లో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్. మెట్రో ఎక్కితే అయిదు నిమిషాల్లో దాటిపోయే ఈ కాస్త జాగాలో ఒకరితో ఒకరికి పని లేని మనుషులు పక్కపక్కనే బతుకుతుంటారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో, గల్లీ గల్లీకీ వెలిసిన స్టడీ హాళ్లలో పొద్దస్తమానం కూర్చునే గ్రూప్స్ అభ్యర్థులున్నారు. సాయంత్రం త్యాగరాయ గానసభ ముందు వరసలో కనిపించే రిటైరైన ఉద్యోగులున్నారు. పాత ఇళ్లు కూల్చి కట్టిన అపార్ట్‌మెంట్లలో కొత్తగా కాపురం పెట్టిన జంటలున్నాయి. వీళ్లందరి చేతికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టు. ఇప్పుడది కాగితం కూడా కాదు, వాట్సాప్‌లో వచ్చి పడే పీడీఎఫ్. డాక్టరు చూసేలోగా ఊళ్లో ఉన్న మేనమామ దాకా చేరిపోతుంది. అందులో ముద్దక్షరాల్లో అచ్చయిన హీమోగ్లోబిన్ అంకె అందరి కంటా పడుతుంది. హెచ్‌బీ ఎనిమిదిన్నర.

ఈ ఎనిమిదిన్నరతో ముగ్గురు వచ్చారనుకోండి. గ్రూప్-2కి చదువుతూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. నారాయణగూడలో ఉండే అరవై రెండేళ్ల పెద్దాయన. చిక్కడపల్లిలో ఉండే మూడో నెల గర్భిణి. ఈ ముగ్గురూ నేను కల్పించిన మనుషులే. అయినా మా వృత్తిలో ఉన్నవాళ్లెవరూ వీళ్లను చూడకుండా ఉండరు. ముగ్గురిదీ ఒకే అంకె. ముగ్గురికీ పక్కింటివాళ్లు చెప్పే సలహా కూడా ఒకటే: టానిక్ తాగు, దానిమ్మ తిను, తగ్గకపోతే ఒక బాటిల్ రక్తం ఎక్కించుకో. డాక్టరుగా నేను తీసుకోవాల్సిన నిర్ణయాలు మాత్రం ముగ్గురికీ మూడు రకాలు.

రక్తం జబ్బుల్లో ఒక చిత్రం ఉంది. మనం ముందు ఏం చేశామన్నదాన్ని బట్టే తర్వాత మనకు ఏం తెలుస్తుందన్నది ఉంటుంది. కొన్ని మందులు జబ్బును నయం చెయ్యవు గానీ, దాని ఆనవాళ్లను మాత్రం చెరిపేస్తాయి. అందుకే ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్న కన్నా, ఏది ముందు చెయ్యాలి, దేనికి ఆగాలి అన్న ప్రశ్న మాకు పెద్దది. ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఈ ముందూ వెనకల గురించే.

హాస్టల్ అమ్మాయి దగ్గర మొదలుపెడదాం. మెట్లెక్కితే ఆయాసం, చదివింది గుర్తుండట్లేదు, జుట్టు రాలుతోంది. అంతా పరీక్షల టెన్షన్ అనుకుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఆ స్టడీ హాల్లో ఆ అమ్మాయికి అటూ ఇటూ కూర్చున్నవాళ్లలోనూ చాలామందికి ఉండే ఉంటుంది. మామూలుగా గర్భిణి కాని ఆడవాళ్లకు హెచ్‌బీ 12 గ్రాములు, మగవాళ్లకు 13 ఉండాలి.

రిపోర్టులో హెచ్‌బీ చూశాక నా కళ్లు వెతికేది ఎంసీవీ అన్న వరసను. ఒక్కో ఎర్రకణం సగటున ఎంత పెద్దగా ఉందో చెప్పే అంకె అది. 80 నుంచి 100 దాకా ఉండాలి. ఈ అమ్మాయికి 66 ఉంది. కణాలు చిన్నబోయాయి. ఇంతవరకు చూసి ఐరన్ మాత్రలు రాసి పంపెయ్యొచ్చు, చాలాచోట్ల జరిగేదీ అదే. కానీ ఐరన్ లోపంలోనే కాదు, తలసేమియా లక్షణం మోసేవాళ్లలో కూడా కణాలు చిన్నగానే ఉంటాయి. తేడా ఎక్కడంటే, ఐరన్ చాలనప్పుడు మూలుగ కణాలను చిన్నగానూ తక్కువగానూ తయారుచేస్తుంది. తలసేమియా లక్షణం ఉన్నవాళ్లలో చిన్నగానే అయినా లెక్కకు ఎక్కువ చేస్తుంది. 1973లో మెంట్జర్ అనే వైద్యుడు దీనికి చేతివేళ్లతో వేసుకోదగ్గ లెక్క చెప్పాడు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించండి. పదమూడు దాటితే ఐరన్ లోపం వైపు, తగ్గితే తలసేమియా లక్షణం వైపు మొగ్గు. మన అమ్మాయికి 66ని ఎర్రకణాల సంఖ్య నాలుగుతో భాగిస్తే పదహారున్నర. ఆమె పక్క సీటు స్నేహితురాలికి హెచ్‌బీ 10.8, ఎంసీవీ 64, ఎర్రకణాలు 5.4 అనుకోండి, పన్నెండు కూడా రాదు. ఇది తీర్పు కాదు, ఏ పరీక్ష అడగాలో చెప్పే సూచన మాత్రమే. మొదటి అమ్మాయికి ఫెరిటిన్ రాస్తాను, రెండో అమ్మాయికి దాంతోపాటు హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ కూడా.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది. పదిహేను కన్నా తక్కువ ఉంటే ఇక వాదన లేదు, నిల్వ ఖాళీ. అయితే జ్వరమో, ఒంట్లో వాపో ఉన్నప్పుడు ఈ అంకె అబద్ధంగా పెరుగుతుంది. పోయిన వారం వైరల్ జ్వరం వచ్చిందా అని అడగకుండా ఫెరిటిన్ బాగానే ఉందని చెప్పెయ్యకూడదు.

సరే, ఐరన్ లోపమే. ఐరన్ ఎందుకు తగ్గింది? హాస్టల్ మెస్ మీద నేరం మోపడం తేలిక. నీళ్ల సాంబారు, దాని వెనకే రోడ్డు మీది ఇరానీ చాయ్. చాయ్ మీద నేరం కొంత నిజమే. అన్నంతోపాటో, తిన్న వెంటనే తాగితేనో టీ కాఫీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కానీ నేను అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ ప్రశ్నకు తండ్రో అన్నయ్యో పక్కన కూర్చుంటే జవాబు రాదు. వాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

"నెలసరి ఎన్నాళ్లుంటుందమ్మా?"

"ఎనిమిది తొమ్మిది రోజులు మేడం. అందరికీ అంతే కదా?"

అందరికీ అంత ఉండదు. ఏడు రోజులు దాటడం, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, రూపాయి బిళ్లంత గడ్డలు పడటం మామూలు సంగతులు కావు. ఇంకా అడుగుతాను. చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా? పన్ను పీకించుకున్నాక ఎంతసేపు ఆగలేదు? అమ్మకూ ఇలాగే ఉండేదా? వీటికి అవునని జవాబొస్తే ఐరన్ లోపం వెనక రక్తం గడ్డకట్టని జబ్బు దాగి ఉండొచ్చు. ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో ఇలాంటి జబ్బునే లోకానికి చెప్పాడు. ఆలండ్ దీవుల్లో ఒక చిన్న పిల్లను, ఆమె కుటుంబాన్ని పరిశీలించి రాశాడు. ఆ పిల్ల పదమూడో ఏట నాలుగో నెలసరిలో రక్తస్రావం ఆగక చనిపోయింది. హీమోఫీలియా మగపిల్లల జబ్బని అందరికీ తెలుసు. ఆడపిల్లలకూ ఇలాంటిది ఉంటుందని తెలియక, ఏళ్లతరబడి ఐరన్ మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లు మనమధ్య ఉన్నారు. మామూలుగా చేసే పీటీ, ఏపీటీటీ అనే గడ్డకట్టే పరీక్షలు సరిగ్గా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు. విడిగా అనుమానించి అడిగితేనే దొరుకుతుంది.

మాత్రల సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజుకు రెండు మూడు వేసుకుంటే త్వరగా ఎక్కుతుందనుకోవడం పొరపాటు. ఇవాళ మాత్ర వేసుకుంటే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని వదిలి, రేపటి ఐరన్‌కు పేగుల్లో తలుపు మూస్తుంది. జ్యూరిక్ పరిశోధకులు 2015లో, 2017లో చేసిన పనిలో, ఐరన్ తక్కువున్న ఆడవాళ్లకు రోజు విడిచి రోజు ఇస్తే వేసుకున్న మాత్రలో ఎక్కువ భాగం ఒంటికి పడుతోందని తేలింది. కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. హెచ్‌బీ మామూలుకొచ్చాక ఇంకో మూడు నెలలు వాడాలి, నిల్వ నిండటానికి. మూడు నాలుగు వారాలకు కనీసం ఒక గ్రాము పెరగకపోతే మాత్ర మార్చడం కాదు, నా రోగనిర్ణయాన్నే మళ్లీ ప్రశ్నించుకోవాలి.

"మేడం, పరీక్ష నెల రోజుల్లో ఉంది. ఒక బాటిల్ ఎక్కించెయ్యరాదూ?" ఇది తరచూ వినే మాట. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అదే ఐపీఎం, ఉంది, అందులో బ్లడ్ బ్యాంకూ ఉంది. దొరకడం పెద్ద కష్టం కాదు. అయినా వద్దంటాను. 1999లో కెనడా వైద్యులు ఐసీయూలో ఉన్న 838 మంది మీద చేసిన అధ్యయనంలో, హెచ్‌బీ 7కి పడిపోయేదాకా ఆగి రక్తం ఇచ్చినవాళ్లు, పదికే ఇచ్చినవాళ్ల కన్నా ఏ విధంగానూ నష్టపోలేదు. ఐసీయూలో ఉన్న మనిషికే ఏడు దాకా ఆగగలిగితే, నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని పరీక్ష తేదీ చెబుతున్న అమ్మాయికి ఎనిమిదిన్నరకు ఎందుకు? గుండె జబ్బున్నా, రక్తం కారుతూ ఉన్నా, ఆయాసంతో పడుకోలేకపోతున్నా లెక్క మారుతుంది. పైగా ఆడపిల్లకు అనవసరంగా ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రేపు కడుపులో బిడ్డకు చేటు చెయ్యొచ్చు. మాత్రలు పడకపోతే నరంలోంచి ఇచ్చే ఐరన్ ఉంది.

నిజంగానే రక్తం ఎక్కించాల్సి వచ్చిందనుకోండి. అప్పుడు కూడా ముందు శాంపిల్ తీసి పక్కన పెట్టాలి. ఎక్కించాక తీస్తే ఆ గొట్టంలో దాత రక్తం కూడా కలిసి ఉంటుంది. ఎంసీవీ, హెచ్‌పీఎల్‌సీ, స్మియర్ అన్నీ కలగాపులగమవుతాయి. కూర వండి, తినేసి, గిన్నె కడిగాక ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుంటుంది. "పోయిన నెలలో రెండు బాటిళ్లు ఎక్కించారు, కారణం తెలియలేదు" అంటూ ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధకన్నా కోపమే ఎక్కువ వస్తుంది. రెండు గొట్టాల రక్తం ముందు తీసి ఉంచితే మూడు నెలలు వృథా అయ్యేవి కావు.

నారాయణగూడ పెద్దాయన విషయంలో ఇంతసేపు అక్కర్లేదు. ఆయనకూ ఐరన్ లోపమే తేలితే, ప్రశ్న ఒక్కటే: రక్తం ఎక్కడ కారుతోంది? నెలసరి లేని మనిషి ఒంట్లో ఐరన్ ఊరికే తగ్గదు. "మొలలున్నాయి డాక్టర్ గారూ, దాని వల్లే" అంటారు. మొలలు ఉండొచ్చు, వాటి పైన పెద్దపేగులో కంతి కూడా ఉండొచ్చు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించకుండా ఆయనకు ఐరన్ ఒక్కటే ఇస్తే, హెచ్‌బీ పెరుగుతుంది, ఆయన సంతోషిస్తారు, కంతి కూడా పెరుగుతుంది.

అయితే ఆయన ఎంసీవీ 66 కాక 112 అయితే? అప్పుడు కథ వేరు. కణాలు ఉబ్బిపోయాయి, బీ12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువై ఉండొచ్చు. చాలా ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతూ, శాకాహారం తినే పెద్దవాళ్లలో బీ12 తగ్గడం మామూలు. ఇక్కడ తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోవచ్చు. రిపోర్టులో మూడూ తక్కువ చూసి బ్లడ్ క్యాన్సరేమోనని ఇల్లంతా ఏడుపులు మొదలవుతాయి. స్లయిడ్ మీద స్మియర్ వేసి మైక్రోస్కోపులో అనుభవం ఉన్న పాథాలజిస్టు చూస్తే, పెద్ద పెద్ద ఎర్రకణాలూ, అయిదారు ముక్కలుగా విడిన కేంద్రకంతో తెల్లకణాలూ సంగతి చెప్పేస్తాయి. మిషన్ ఇచ్చిన అంకెలను మనిషి కన్ను సరిచూడాల్సిందే.

ఇక్కడ కూడా ముందూ వెనకా ఉంది. బీ12 లోపమున్న మనిషికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఇస్తే హెచ్‌బీ పెరుగుతుంది. నరాల దెబ్బ మాత్రం లోపల్లోపల సాగుతూనే ఉంటుంది, ఒక్కోసారి ముదురుతుంది. అరికాళ్లు మొద్దుబారుతున్నాయా, చీకట్లో నడుస్తుంటే తూలుతున్నారా అని అడిగి, బీ12 చూసుకున్నాకే ఫోలిక్ యాసిడ్.

ఈ ఫోలిక్ యాసిడ్ కథలో మన భీమవరం ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతకు ఈస్ట్ సారం పెట్టి నయం చేసింది. అందులో పనిచేసిందేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్‌లో పనిచేసి, 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపింది. స్ప్రూ జబ్బు ఆయన ఇంట్లో చావు చూపించింది, ఆయన్నూ పీడించింది. పేగులకు ఏదీ పట్టనివ్వక రక్తాన్ని పీల్చేసే ఆ జబ్బుకే ఫోలిక్ యాసిడ్ మందయింది.

తర్వాత జరిగింది మా వృత్తివాళ్లు మళ్లీ మళ్లీ చదువుకోవాల్సిన సంగతి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గడం మాట అటుంచి, వేగం పెరిగింది. ఇంకెవరైనా అయితే ఆ దారి మూసేసేవారు. ఫార్బర్ దాన్ని తిరగేసి ఆలోచించాడు: ఈ విటమిన్ ఇస్తే క్యాన్సర్ కణం బలుస్తోందంటే, దానికి అడ్డుపడే మందిస్తే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ వచ్చింది. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని రాశారు. అంతకుముందు లుకేమియాకు అలాంటి మందే లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు చనిపోయాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ పిల్లల లుకేమియాకు వాడుతున్నాం.

ఆ మెథోట్రెక్సేట్‌నే కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు ఇస్తారు. చీటీ సరిగ్గా అర్థంకాక రోజూ వేసుకునేవాళ్లుంటారు. వాళ్లు నోట్లో పుళ్లతో, పడిపోయిన ప్లేట్‌లెట్లతో వస్తారు. అందుకే రక్తకణాలు తగ్గినవాళ్లు వచ్చినప్పుడు "మందుల సంచీ తీసుకొచ్చారా?" అని అడిగాకే మిగతా మాటలు. లుకేమియా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: పిల్లలకు జ్వరం, ఎముకల నొప్పులు, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు స్మియర్ చూడకుండా స్టిరాయిడ్ మొదలుపెట్టకూడదు. లుకేమియా కణాలు స్టిరాయిడ్‌కు కొన్నాళ్లు కరిగిపోతాయి. పిల్లవాడు బాగయ్యాడనుకుంటాం, జబ్బు మారువేషంలో తిరిగొస్తుంది.

ప్లేట్‌లెట్లన్నాక డెంగీ గురించి చెప్పకపోతే చిక్కడపల్లిలో నన్ను తిరగనివ్వరు. వానాకాలం రాగానే హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "అర్జంటుగా ప్లేట్‌లెట్లు కావాలి" అన్న సందేశాలు. నలభై వేలకు పడిపోయాయని పిల్లాడి తండ్రి రాత్రి బస్సెక్కి వచ్చేస్తాడు. 2017లో సింగపూర్ వైద్యులు డెంగీతో ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకన్నా తక్కువ ఉండి రక్తస్రావం లేని పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ప్లేట్‌లెట్లు ఎక్కించి చూశారు. ఎక్కించినందువల్ల రక్తస్రావాలు తగ్గలేదు, అలర్జీల వంటివి మాత్రం పెరిగాయి. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువసార్లు ప్లేట్‌లెట్ల లెక్క కాదు, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం. దాన్ని పట్టిచ్చేది హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరగడం. జ్వరం తగ్గిన రోజున కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడటం, మగతగా ఉండటం కనిపిస్తే ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా ఆస్పత్రికి పరుగెత్తండి. బాగా తింటూ తిరుగుతున్న కుర్రాడికి ముప్పై వేలున్నా కంగారు పడక, గమనిస్తూ ఉండొచ్చు. బొప్పాయి ఆకు రసం మీద నాకు పగ లేదు, దాన్ని నమ్ముకుని నీళ్లు తాగడం మానేస్తేనే నా బాధ.

ఇంకో తమాషా కూడా ఉంది. జ్వరమూ లేక, ఒంటి మీద ఒక్క మచ్చా లేకుండా ప్లేట్‌లెట్లు పదిహేను వేలని రిపోర్టొస్తే, ముందు అనుమానించాల్సింది గొట్టాన్ని. ఊదారంగు మూత గొట్టంలో ఉండే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మిషన్ ఆ గుంపులను లెక్కపెట్టలేదు. సిట్రేట్ ఉన్న నీలం మూత గొట్టంలో మళ్లీ తీస్తే రెండు లక్షలు రావొచ్చు.

చిక్కడపల్లి గర్భిణి దగ్గరికి వస్తాను. ఆమెకూ కణాలు చిన్నవి. ఐరన్, ఫోలిక్ యాసిడ్ వెంటనే మొదలుపెట్టాల్సిందే, అందులో ఆలోచన లేదు. ఆలోచించాల్సింది ఆమె తలసేమియా లక్షణం కూడా మోస్తోందా అని. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు దాన్ని మోస్తున్నారు, వాళ్లకు ఏ బాధా ఉండదు. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు, పుట్టే బిడ్డకు తలసేమియా మేజర్ రావడానికి అవకాశం. ఆ బిడ్డ కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ, ఒంట్లో పేరుకునే ఐరన్‌ను మందులతో తీయించుకుంటూ బతకాలి. నగరంలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీకి ఒకసారి వెళ్లిరండి, అక్కడ రక్తం ఎక్కించుకుంటూ హోంవర్క్ చేసుకునే పిల్లలు కనిపిస్తారు.

హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీఏ2 మూడున్నర శాతం దాటితే లక్షణం ఉన్నట్టు. చిక్కేమిటంటే, ఐరన్ బాగా తక్కువున్నప్పుడు ఈ ఏ2 కొంచెం తగ్గి, లక్షణం ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. మామూలు మనిషికైతే ముందు ఐరన్ సరిచేసి, కొన్ని నెలలాగి మళ్లీ పరీక్ష చేస్తాం. గర్భిణికి ఆ వ్యవధి లేదు. బిడ్డకు జబ్బుందో లేదో తేల్చే కోరియానిక్ విల్లస్ పరీక్ష పది పన్నెండు వారాల దగ్గరే చెయ్యాలి, అది దాటితే ఉమ్మనీటి పరీక్షకు వెళ్లాలి. అందుకని ఇక్కడ మాత్రం నేను వరసను మారుస్తాను. ఆమె రిపోర్టు వచ్చాక, అనుమానం ఉంటే అప్పుడు భర్తను పిలుద్దామని కూర్చోను. ఆమెను తీసుకొచ్చి బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటున్న ఆయన్ను లోపలికి పిలిచి, అదే రోజు ఆయన సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ కూడా చేయిస్తాను. "నాకేం జబ్బు లేదండీ, నాకెందుకు?" అంటారు. ఆయన ఎంసీవీ తొంభై ఉండి, ఏ2 మామూలుగా ఉంటే, ఆమె రిపోర్టు అటూ ఇటూగా వచ్చినా కడుపులో బిడ్డకు సూది పొడవాల్సిన పని దాదాపుగా తప్పినట్టే. ఆయనకు అక్కడే రెండు మిల్లీలీటర్లు తీసి, సాయంత్రం ఆఫీసుకు పంపించేస్తాం.